ఉప్పు చెప్పిన మనిషి

నేను దయగల మనిషినని నాకు నాలుగేళ్లపాటు గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకానికి సాక్ష్యంగా రోజూ సాయంత్రం ఒక ప్లాస్టిక్ కవర్ ముడివేసి పక్కన పెట్టేదాన్ని. ఆ కవర్ అందుకున్న మనిషి పోయిన నెలలో భూపాలపల్లిలో చనిపోయింది. నిద్రలోనే పోయిందట. మనవరాలు ఫోన్ చేసి చెప్పింది. "మీకు చెప్పాలె అనిపించిందక్కా" అంది. ఎందుకు అనిపించిందో ఆ పిల్ల చెప్పలేదు, నేను అడగలేదు. అప్పుడు నా చేతిలో నాలుగు ఆర్డర్లు ఉన్నాయి. నాలుగూ చేసి ఇచ్చాకే కూర్చుని ఏడ్చాను. ముందు ఆర్డర్లు, తర్వాత ఏడుపు. నా గుణం ఏమిటో ఆ వరసలోనే ఉంది.

ఆమె పేరు ఇక్కడ రాయను. దాచాలని కాదు. పాలకుర్తి పక్కన మా ఊళ్లో ఆమె చాకలి ఇంటి కోడలు. మా అమ్మకంటే వయసులో చాలా పెద్దది. అయినా అయిదేళ్ల పిల్లను నేను ఆమెను పేరు పెట్టి, 'ఏమే' అన్నట్టు పిలిచేదాన్ని. తప్పని మా ఇంట్లో ఎవరూ అనలేదు. ఊళ్లో అందరి పిల్లలూ అలాగే పిలిచేవారు. నా నోట్లో అంతగా నలిగిన పేరును మళ్లీ కాగితం మీద పెట్టాలంటే సిగ్గేస్తోంది. జనగామలో షాపు పెట్టాక 'అవ్వా' అనడం నేర్చుకున్నాను. అదీ మర్యాద తెలిసి కాదు, చుట్టూ కస్టమర్లు ఉంటారని.

షాపు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఒక కాఫీ షాపు కౌంటర్ వెనక పనిచేశాను. అక్కడ నేర్చుకున్నదే పానీనీ. ఇటలీ వాళ్ల తిండి. రెండు మందపు రొట్టె ముక్కల మధ్య కూరగాయలో, చికెనో, చీజో పెట్టి, పైనా కిందా కాలే రెండు పలకల మధ్య నొక్కితే పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా, ఒంటి మీద నల్లటి గీతలతో బయటికొస్తుంది. పెళ్లయి జనగామ వచ్చాక స్టేషన్ రోడ్డులో ఒక మడిగె అద్దెకు తీసుకుని, ఎవరో వాడి వదిలేసిన మిషన్ తెచ్చుకుని మొదలుపెట్టాను. బోర్డు మీద ఇంగ్లిష్ పేరు రాయించాను. జనం మాత్రం దాన్ని ఇస్త్రీ రొట్టె అన్నారు. ఆ పేరు పెట్టింది ఆమె.

మా మడిగె పక్క గోడ నీడలో ఆమె ఇస్త్రీ బండి. నేను ఆమెను గుర్తుపట్టలేదు. షాపు తెరిచిన మూడో రోజు ఆమే బండి దగ్గర నుంచి పిలిచింది.

"నువ్వు పెద్ద బాయి పటేల్ బిడ్డవు గదా? నడకల మీ అమ్మ ఉన్నది."

ఆ బొగ్గుల ఇస్త్రీ పెట్టె, ఆ చేతివేళ్లతో నీళ్లు చిలకరించడం చూశాక అప్పుడు గుర్తొచ్చింది. పదిహేనేళ్ల తర్వాత సొంత ఊరి మనిషి పక్కన దొరికింది కదా అని సంబరపడ్డాను. ఆ సంబరం మాత్రం నిజమే.

మొదటి పదిహేను రోజులు నా పానీనీలు పరమ ఘోరంగా వచ్చేవి. పైన మాడేది, లోపల పచ్చి. చీజ్ పక్కల నుంచి కారి పలకకు అంటుకుని కంపు కొట్టేది. హైదరాబాద్‌లో బ్రెడ్డు వేరు, ఇక్కడి బేకరీ బ్రెడ్డు వేరు, మిషన్ పాతది అని నన్ను నేను సముదాయించుకునేదాన్ని. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. ఆమె అక్కడ చొక్కా మడత పెడుతూనే అంతా గమనించేది. ఒకరోజు ఆపుకోలేక గడప దాకా వచ్చింది.

"బిడ్డా, నీ పెట్టె కాలక ముందే మోపుతున్నవు. నీళ్లు సల్లి చూడు. చుయ్ మనాలె. సప్పుడు రాకుంటే ఆగాలె."

"ఇది కరెంటుది అవ్వా, లైటు వెలిగితే కాలినట్టే."

"లైటుకేం ఎర్క? నీళ్లకు ఎర్క."

నీళ్లు చల్లి చూశాను. లైటు వెలిగాక కూడా మరో మూడు నిమిషాలకు గాని చుయ్ అనలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటీ చెప్పింది. "చేత్తోని ఒత్తకు. బరువు దాని పని అది చేస్కుంటది. నువ్వు ఒత్తితే లోపటిది బయటకొస్తది." "ఊకె ఎత్తి ఎత్తి చూడకు. నడుమల ఎత్తినవనుకో, బట్టకు ముడత పడ్తది, మల్ల ఎంత రుద్దినా పోదు." "టమాటను గట్లనే పెడ్తవా? పిండు జర. తడి బట్ట మీద పెట్టె పెడితే ఆవిరే వస్తది గని ఇస్త్రీ కాదు." బట్ట మాటే రొట్టెకు కూడా. నూలు చీరకు ఒక వేడి, టెర్లిన్ ప్యాంటుకు ఒక వేడి అన్నట్టు చికెన్‌కు ఒక వేడి, పన్నీర్‌కు ఒక వేడి. మిషన్ మీద ఉన్న అంకెలన్నీ వదిలేసి ఆమె చెప్పిన చప్పుడు పట్టుకున్నాను. నెల తిరిగేసరికి కాలేజీ పిల్లలు గుంపులుగా రావడం మొదలైంది.

ఒకసారి రొట్టె మీది గీతలు చూసి తెగ నవ్వింది. "నేను పొద్దంత ముడుతలు తీస్త. నువ్వు పైసలు తీస్కొని గీతలు పెడ్తున్నవు. మంచి పనే దొరికింది బిడ్డా నీకు" అంది. నవ్వేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పళ్లు బాగానే ఉండేవి. మరి ఎందుకు అడ్డం పెట్టుకునేదో తెలీదు.

ఆమె నా మడిగె లోపలికి ఎప్పుడూ రాలేదు. గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడేది. విడవమని నేను చెప్పలేదు. వేసుకొమ్మని కూడా చెప్పలేదు. టీ ఇస్తే బండి కింద దాచుకున్న తన స్టీలు గ్లాసు తెచ్చుకునేది. మనిషికి ఎంత శుభ్రమో అనుకునేదాన్ని. కూర్చోమంటే బండి చక్రం పక్కనే గొంతుక్కూర్చునేది. మా కుర్చీలు ఆమెకు పది అడుగుల దూరంలో ఉండేవి.

రోజూ మధ్యాహ్నం ఒకటిన్నరకు అటునుంచి కేక వినపడేది. "తిన్నవా బిడ్డా?" నాలుగేళ్లలో ఆమె బండి పెట్టిన ఏ ఒక్కరోజూ ఆ కేక తప్పలేదు. నేను పనిలో ఉంటే జవాబు చెప్పేదాన్ని కాదు. ఆమె మళ్లీ అడిగేది.

ఇక ఆమె నాలుక సంగతి చెప్పకపోతే ఆమెను చెప్పినట్టే కాదు. మా ఊళ్లో చాకలివాళ్లకు పొద్దుగూకే వేళ ఇంటింటా బువ్వ పెట్టడం ఆనవాయితీ. ఆమె పెద్ద సిల్వర్ గంజు చంకన పెట్టుకుని వాకిలి ముందు నిలబడి "బువ్వెయ్యుండ్రి" అనేది. అన్ని ఇళ్ల అన్నం ఒకే గంజులో, అన్ని ఇళ్ల కూరలూ ఒకే గిన్నెలో. చారు మీద పప్పు, పప్పు మీద వంకాయ, దాని మీద ఎవరింటి చేపల పులుసో. అలా కలిసిపోయిన కూరలో నుంచి కూడా ఏది ఎవరిదో ఆమె చెప్పగలిగేది.

"మీ అమ్మ చేతికి చింతపండు ఎక్కువ. గా కరణం గారింట్ల మెంతులు మాడుతయి. మూలింటోళ్ల కూరల ఉప్పు రెండింతలు పడ్డదనుకో, గా ఇంట్ల అత్తాకోడండ్లకు మాటల్లేవన్నట్టు. అత్త ఏస్తది, కోడలికి చెప్పది. కోడలు మల్ల ఏస్తది." ఊళ్లో ఏ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగడం లేదో, ఎవరికి జ్వరమో, ఎవరు మగడి మీద అలిగారో ఆమెకు ముందే తెలిసేది. ఎవరితోనూ అనేది కాదు. నాతో అన్నది కూడా ముప్పై ఏళ్ల తర్వాత, ఆ అత్తాకోడళ్లిద్దరూ పోయాక.

ఆ నాలుకను నేను వాడుకున్నాను. రోజు చివర్లో కోసేసిన అంచులు, గీతలు వంకరపోయినవి, ఒక పక్క మాడినవి, ఎవరో ఆర్డర్ ఇచ్చి తీసుకోకుండా వెళ్లినవి అన్నీ ఒక కవర్లో వేసి ఆమెకు ఇచ్చేదాన్ని. మర్నాడు పొద్దున బొగ్గులు రాజేసుకుని, గడప దగ్గరికి వచ్చి తీర్పు చెప్పేది. "నిన్న ఉప్పు తక్కువైంది." "గా పచ్చచట్నీల కారం ఉన్నది గని వాసన లేదు. మానుకోట మిరపకాయ తెప్పియ్యి, ఎల్లిపాయ కలిపి నూరు." "వెన్న లోపట కాదు, బయట రాయి." మానుకోట అంటే మహబూబాబాదే, అక్కడ మా మేనత్త ఉంటుంది. ఆవిడ చేత మిరపకాయలు తెప్పించాను. ఆ చట్నీ కోసమే హన్మకొండ నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. ఒకసారి ఫోన్ పట్టుకుని వీడియో తీసే కుర్రాడొకడు వచ్చి, రుచి రహస్యం ఏమిటని అడిగాడు. "హైదరాబాద్‌లో నేర్చుకున్నా" అన్నాను. ఆమె అక్కడే, గోడ అవతల, ఎవరిదో లాల్చీకి ఇస్త్రీ చేస్తోంది. వినే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. బువ్వ ఎత్తుకోవడం ఆమె ఇంట్లో ఎప్పుడో మానేశారు. ఆ కథ ఆమే చెప్పింది నాకు. మనవరాలు ఆరో తరగతిలో ఉన్నప్పుడు బడిలో ఎవరో ఆ పిల్లను "మా ఇంటి బువ్వ తిని మాతోనే పోటీకి వస్తవా" అన్నారట. పిల్ల ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. కొడుకు గంజును బోర్లించి, మేకు పెట్టి, సుత్తితో అడుగున బొక్క కొట్టాడు.

"నా ముందర్నే కొట్టిండు బిడ్డా. కొట్టి, 'అవ్వా, ఇగ నా బిడ్డ ముందట నువ్వు ఒకలి ముందు చెయ్యి చాపితే నా పీనుగ మీద ఒట్టు' అన్నడు. ఆ యేడే జనగామ వచ్చినం. మల్ల నేను ఎవ్వల వాకిట్ల నిలవడలే."

ఆ కొడుకు తర్వాత రెండేళ్లకు పోయాడు. ఒట్టు మిగిలింది. మనవరాలు వరంగల్ హాస్టల్లో ఉండి నర్సింగ్ చదివింది.

ఇదంతా నాకు తెలుసు. కళ్లు తుడుచుకుంటూ విన్నాను కూడా. ఆ సాయంత్రమే మళ్లీ కవర్ కట్టి ఇచ్చాను. గంజు వేరు, కవర్ వేరు అనుకున్నాను. ఇది బువ్వ కాదు, ఇటలీ వాళ్ల రొట్టె కదా అనుకున్నాను. నేను పెడుతున్నది మిగిలింది కాదు, 'ఆమె కోసం పక్కన పెట్టింది' అని నాకు నేనే చెప్పుకున్నాను. నాలుగేళ్లలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కటి, వేడివేడిగా చేసి ప్లేటులో పెట్టి ఇవ్వాలన్న ఆలోచన నాకు రాలేదు. ఎందుకు రాలేదని ఇప్పుడు ఎంత వెతికినా మర్యాదైన కారణం ఒక్కటీ దొరకదు.

మనవరాలికి భూపాలపల్లి దవాఖానలో ఉద్యోగం వచ్చింది. ఆ వార్త తెలిసిన మర్నాడు, శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండింటికి ఇద్దరూ వచ్చారు. ఆ ముందు రోజు ఆమె బండి పెట్టలేదు. మనవరాలిని తీసుకురావడానికి వరంగల్ వెళ్లింది. ఆమెకు ఇవ్వాల్సిన కవర్ కౌంటర్ కింద అలాగే ఉండిపోయింది.

ఆమె నీలం చీర కట్టుకుంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర. ఇస్త్రీ చీరలో ఆమెను చూడటం నాకు అదే మొదటిసారి. ఊరందరి బట్టల ముడతలూ తీసే మనిషి తనది మాత్రం ఉతికి ఆరేసి అలాగే చుట్టుకునేది. గడప దగ్గర చెప్పులు విడవబోతే మనవరాలు "ఏసుకో నాయినమ్మా, గుడి కాదు గిది" అంది. ఆమె వేసుకుంది. వేసుకుని, ఎవరన్నా చూస్తున్నారా అన్నట్టు ఒకసారి అటూ ఇటూ చూసి లోపలికి అడుగుపెట్టింది.

షాపంతా కాలేజీ పిల్లలు. మనవరాలు కౌంటర్ దగ్గరికి వచ్చి, "అక్కా, రెండు పన్నీర్‌వి. మంచిగ చెయ్యుండ్రి. మా నాయినమ్మ ఇయ్యాల కుర్చీల కూసొని తింటది" అని చెప్పి, మూల బల్ల దగ్గరికి వెళ్లి రుమాలుతో కుర్చీ తుడవసాగింది. నేను రెండు రొట్టెలు మిషన్ మీద పెట్టి మూత దించాను. ఆమె కౌంటర్ ముందు నిలబడి ఉంది, మనవరాలు పిలిచేదాకా ఆగుతూ.

నేను ఆమెను చూశాను. చీరను చూశాను. ఆ పిల్ల చెప్పిన మాట నా చెవిలోనే ఉంది. అయినా నా చెయ్యి కౌంటర్ కిందికి వెళ్లింది. నిన్నటి కవర్ పట్టుకుంది. కౌంటర్ అద్దం మీదుగా చాపి, ఎత్తు నుంచి, ఆమెకు తాకకుండా వదిలింది. మా అమ్మ బువ్వ వేసే పద్ధతి అది. అమ్మ ఇంట్లో లేనప్పుడు చిన్నప్పుడు నేనూ అలాగే వేసేదాన్ని. "గిన్నెకు తాకనియ్యకు" అని అమ్మ నేర్పింది.

నా చెయ్యి ఎత్తగానే ఆమె కొంగు పరిచింది. ఆలోచించి కాదు. ఆ చేతులకూ అది అలవాటే. కవర్ కొంగులో పడింది. కవర్ లోంచి కోసేసిన అంచులు, మాడిన ముక్కలు, ఎవరో కొరికి వదిలిన సగం రొట్టె కనిపిస్తూనే ఉన్నాయి.

"నాయినమ్మా... ఏంది గది?"

మనవరాలు చేతిలో రుమాలుతో అలాగే నిలబడిపోయింది. ఆమె తన కొంగులోకి చూసుకుంది. ఎవరో పెట్టిపోయిన మూట చూసినట్టు చూసింది. తర్వాత నవ్వింది, నోటికి కొంగు అడ్డం లేకుండా. కొంగు ఖాళీగా లేదు కదా.

"కుక్కలకు బిడ్డా. మన గల్లీల కుక్కలు లేవా? వాటికని నేనే అడిగిన."

అని నా వైపు చూసింది. నేను ఒక్క మాట అనాల్సింది. 'నాది తప్పు' అనవచ్చు. 'ఆ కవర్ ఇటివ్వు అవ్వా, పొరపాటున ఇచ్చా' అన్నా సరిపోయేది. పది మంది కస్టమర్లు చూస్తున్నారు. నేను అన్నది ఇది:

"అవును. కుక్కలకే."

పక్క బల్ల దగ్గర పిల్లొకతి కిసుక్కున నవ్వి, "మీ గల్లీ కుక్కలే నయం అవ్వా, చీజ్ తింటున్నయి" అంది. మనవరాలు వచ్చి నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. "కూసో, తినిపోదాం" అంది, నా వైపు చూడకుండా.

"ఆకలైతలేదు బిడ్డా. ఎండకు తల తిర్గుతుంది. ఇంటికి పోదాం పా."

వాళ్లు వెళ్లారు. మిషన్ మీద పెట్టిన రెండూ మాడిపోయాయి. మూత ఎత్తాలన్న ధ్యాస నాకు లేదు.

మర్నాడు ఆమె ఎప్పటిలాగే బండి పెట్టింది, బొగ్గులు రాజేసింది. గడప దగ్గరికి మాత్రం రాలేదు. సాయంత్రం నేనే మంచి పన్నీర్ పానీనీ ఒకటి చేసి, ప్లేటులో పెట్టుకుని బండి దగ్గరికి వెళ్లాను. "ఇయ్యాల ఒక్కపొద్దు బిడ్డా" అంది. ఆ తర్వాతి రోజు మళ్లీ తీసుకెళ్లాను. "పన్ను సలుపుతుంది" అంది. మూడో రోజు నేను వెళ్లలేదు. వెళ్లకపోతే మనసు తేలికైంది. ఇది రాయడానికే అన్నిటికంటే ఎక్కువ సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను: తేలికైంది.

మధ్యాహ్నం "తిన్నవా బిడ్డా?" మాత్రం ఆగలేదు. ఒక వారం పోయాక ఏమీ జరగనట్టు నేనే అడిగాను, "చట్నీలో ఉప్పు ఎట్లుందవ్వా ఈ మధ్య?" అని. పెట్టె పక్కన పెట్టి నావైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో. "నేను తింటలేను గదా బిడ్డా, నాకేం ఎర్క?" అంది. నెల తిరగకముందే మనవరాలు వచ్చి భూపాలపల్లి తీసుకుపోయింది. బండి ఎవరికో ఇచ్చేశారు. వెళ్లే రోజు నేను మానుకోటలో ఉన్నాను, మేనత్త మనవడి పుట్టినరోజుకు. ఫోన్ చేసి వెళ్లిరమ్మని చెప్పవచ్చు, చెప్పలేదు. పోతున్నానని ఆమె కూడా చెప్పలేదు.

చావు కబురు తెలిశాక వెళ్లకుండా ఉండలేకపోయాను. మా వైపు మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టుకుంటే ఆ మనిషికి ఏ కోరికా మిగల్లేదని లెక్క. ముట్టకపోతే ఏదో ఇష్టమైంది మరిచిపోయారన్నమాట. అది ఏమిటా అని తలో మాటా అనుకుంటారు.

పొద్దున్నే లేచి, నాలుగేళ్లలో చేయనంత శ్రద్ధగా ఒక పానీనీ చేశాను. టమాట పిండాను. మానుకోట మిరపకాయ, ఎల్లిపాయ. వెన్న బయట. నీళ్లు చల్లి చప్పుడు విన్నాకే మోపాను, మధ్యలో ఎత్తలేదు. అంచులు కోయలేదు. రేకు కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. హన్మకొండలో బస్సు మారాను. రేగొండ దాటాక సంచిలో చెయ్యి పెట్టి చూస్తే పొట్లం చల్లగా, చెమ్మగా తగిలింది. చివరికి ఇది కూడా చల్లారిందే అయింది.

ఆమెను పూడ్చిన బొందలగడ్డ దగ్గర పది పన్నెండు మంది ఉన్నారు. విస్తట్లో అన్నం, కోడికూర, బూరెలు, దొప్పలో కల్లు. కాకులు చింతచెట్టు మీద ఉన్నాయి. ఒక్కటీ దిగడం లేదు. అరగంట అయింది. ఎండ ముదిరింది. ఆమె ఆడబిడ్డ అట, ఒక ముసలమ్మ, "దీని మనసుల ఏదో ఉన్నది. ఏం తక్కువైంది? సోంచాయించుండ్రి" అంది.

అప్పుడు నేను సంచిలోంచి పొట్లం తీశాను. నా సమయం వచ్చిందనుకున్నాను, ఆ చోట కూడా. రెండడుగులు ముందుకు వేశాను. మనవరాలు వచ్చి నా ముంజేయి పట్టుకుంది. గట్టిగా కాదు.

"ఒద్దక్కా. అది పెట్టకుండ్రి."

"ఆమె కోసమే చేసిన. మొత్తం మంచిదే. పొద్దున్నే చేసిన."

"అందుకు కాదు. ఆమెకు గా చీజ్ వాసన పడకపోతుండె. కడుపుల తిప్పుతుండె. ఇంటికి తెచ్చి ఒక్కొక్క దాంట్లకెళ్లి చిటికెడు కొరికి, వెంటనే నీళ్లు తాగేది. మిగిలింది గల్లీల కుక్కలకే ఏసేది. ఆ రోజు ఆమె అబద్ధం చెప్పలే. నేనే నమ్మలే. గిక్కడికి వచ్చినంక మా నాయినమ్మే చెప్పింది."

"మరి ఎందుకు తిన్నది?" అన్నాను.

"నేను గదే అడిగిన. 'గా పిల్ల కొత్తగ దుకాణం పెట్టింది, ఉప్పు చూసి చెప్పేటోళ్లు ఎవలు లేరు' అన్నది."

నాలుగేళ్లు నేను ఆమెకు తిండి పెడుతున్నాననుకున్నాను. పొట్లం మళ్లీ సంచిలో పెట్టడానికి కూడా చెయ్యి రాలేదు.

ముసలమ్మకు మా మాటలు వినపడలేదు. ఆవిడ మనవరాలిని పిలిచింది. "ఓ పిల్లా, ఏమిష్టముండె మీ నాయినమ్మకు? తెలిస్తే చెప్పు, జల్ది తెప్పిద్దాం."

ఆ పిల్ల విస్తట్లో పెట్టినవన్నీ ఒకసారి చూసింది. "ఎవలింటి కూర ఎట్లుంటదో చెప్పేది గని, నాకు ఫలానాది కావాలె అని ఎన్నడు అనలే" అంది. కొడుకు ఉంటే తెలిసేదేమో అని ఎవరో అన్నారు. ముసలమ్మ అందరి ముఖాలూ చూసి, చివరికి నా దగ్గర ఆగింది.

"నువ్వు జనగామల పక్కపక్కన ఉన్నవట గదా బిడ్డా, నాలుగేండ్లు. రోజు నువ్వే పెట్టినవట. నీకన్న ఎర్క ఉంటది. ఏం తినేది మా వదినె? ఏమంటె పానం ఆమెకు?"

అందరూ నావైపు తిరిగారు. కాకులు చెట్టు మీదే ఉన్నాయి.

"నాకెర్క లేదు" అన్నాను. "నేను ఎన్నడు అడగలే."